గొంతు కూడా అమానతే

కిందటి రమజాన్‌కు ముందు ఎల్లారెడ్డిలోని మా బంధువుల ఇంటికి వెళ్లాము. ఇల్లు సర్దుతుండగా పాత సూట్‌కేసు అడుగున అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి, దానితోపాటు నాలుగు చదరపు బిళ్లలు బయటపడ్డాయి. ఆ ఇంటి పెద్దాయన గల్ఫ్‌లో పనిచేసిన రోజుల్లో సెలవుపై వస్తూ తెచ్చుకున్న మినీడిస్క్ రికార్డర్ అది. ఆయన మరణించి ఐదేళ్లయింది. ఒక బిళ్లపై ఆయన చేతిరాతతో ఉర్దూలో ‘అమ్మీ’ అని ఉంది. అంటే అందులో ఉన్నది ఆయన తల్లి గొంతు! పిల్లలందరూ ఆత్రంగా చుట్టూ చేరారు. కొత్త బ్యాటరీ వేశాము. యంత్రం పలకలేదు.

మాట మా చేతిలోనే ఉంది, వినే దారి మాత్రం లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటింటా ఫోన్ లేని కాలంలో ఉత్తరంతోపాటు క్యాసెట్ కూడా ప్రయాణించేది. సెలవుపై వచ్చేవారి చేతికిచ్చి పంపిన ఆ క్యాసెట్‌ను ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవారు. చదువురాని తల్లికి కూడా కొడుకు మాట మరొకరి నోట కాక, కొడుకు గొంతులోనే అందేది. అయితే జవాబును అదే క్యాసెట్‌పై రికార్డు చేసి తిప్పి పంపడం చాలా ఇళ్లలో అలవాటు. కొత్త మాట పడిన చోటల్లా పాత మాట చెరిగిపోయింది.

చిన్న బిళ్లలో దాగిన మాట

ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. జపాన్‌కు చెందిన సోనీ 1992లో మినీడిస్క్‌ను తెచ్చింది. సుమారు ఏడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ తొడుగులో ఉండే ఈ బిళ్లపై 74 నిమిషాల స్టీరియో ధ్వని పడుతుంది. ప్రసంగాలు, పాఠాల వంటి వాటిని మోనోలో రికార్డు చేస్తే 148 నిమిషాలు వస్తుంది. లేజర్ కిరణం బిళ్లపై ఒక బిందువును వేడి చేస్తుంది, అయస్కాంత క్షేత్రం అక్కడ ధ్వనిని నమోదు చేస్తుంది. క్యాసెట్‌లా వెనక్కీ ముందుకూ తిప్పనవసరం లేదు. భాగాలుగా విడగొట్టి, ప్రతిదానికీ పేరు పెట్టి, కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. రికార్డింగ్ ముగిశాక యంత్రం ఒక విషయసూచిక రాసుకుంటుంది. అది పూర్తికాకముందే బ్యాటరీ తీస్తే అప్పటిదాకా పలికినదంతా పోయినట్లే.

మన దేశంలో ఇది పెద్దగా వ్యాపించలేదు. సోనీ 2013లో మినీడిస్క్ యంత్రాల తయారీని ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో ఖాళీ బిళ్లల తయారీ కూడా ముగిసింది. నేడు ఆ పనులన్నీ ఫోన్ చేస్తోంది. అయితే యంత్రం మారినా ఇంట్లో దాని అవసరం మారలేదు.

ఇంట్లో ఎలా వాడుకోవాలి?

మన ప్రాంతంలో అనేకమంది సోదరీమణులు ఇంటిపట్టున బీడీలు చుడుతుంటారు. తునికాకు కత్తిరించే చేతులకు తీరిక ఉండదు గాని, చెవులకు ఉంటుంది. మంచి ఖారీ పఠించిన ఒక చిన్న సూరాను రోజూ వింటూ వెంట పలికితే కొద్ది వారాల్లో అది కంఠస్థమవుతుంది. మదరసాకు వెళ్లే పిల్లలు తమ పఠనాన్ని రికార్డు చేసి ఉస్తాద్‌కు వినిపిస్తే తజ్వీద్ దోషాలు తేలిగ్గా తెలుస్తాయి. తన తప్పును తన చెవితో విన్న పిల్లవాడు దానిని మరచిపోడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పెద్దల మాట. మన పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. దాదీ, నానీల దక్కనీ ఉర్దూ, వారి సామెతలు, వారు నేర్పిన దుఆలు, బంధుత్వాల వివరాలు వారితోనే వెళ్లిపోతున్నాయి. వారానికి పావుగంట పక్కన కూర్చుని అడిగి రికార్డు చేయండి. తేదీ, పేరు, ఊరు మొదటే పలకండి. రెండు చోట్ల భద్రపరచండి.

మాట పోతుందన్న భయం మన సముదాయానికి కొత్త కాదు. యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజ్‌లు అమరులైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. ఆయన సలహాపై హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేయించారు. ఆ బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) నెరవేర్చారు. ఆధునిక కాలంలో ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ స్వరంలో సంపూర్ణ ఖుర్ఆన్ పఠనం రికార్డయి 1961లో వెలువడింది.

అనుమతి లేనిదే వద్దు

అయితే ఒక హెచ్చరిక. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఒకరి గుట్టును మరొకరు ఆరా తీయడాన్ని నిషేధించింది. కోడలి మాటను అత్త, అత్త మాటను కోడలు దొంగచాటుగా రికార్డు చేసి బంధువుల్లో తిప్పడం ఈ పరికరానికి అత్యంత నీచమైన వాడకం. చెప్పేవారి సమ్మతితో రికార్డు చేయండి. వారు వద్దన్న భాగాన్ని చెరిపేయండి. అలాగే అప్పుల విషయంలో రికార్డింగ్ తోడు మాత్రమే. బఖరా సూరా ఆదేశించిన రాతకూ, సాక్షులకూ అది ప్రత్యామ్నాయం కాదు.

అమ్మీ ఏం చెప్పింది?

ఎల్లారెడ్డి బిళ్ల సంగతికి వద్దాము. హైదరాబాదులో పాత పరికరాలు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గర పనిచేసే యంత్రం దొరికింది. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, బిళ్ల తిరిగినంతసేపూ కూర్చుని నకలు తీశాము. ఇంటిమీద కోపంతో ఆమె అన్న నాలుగు మాటలు కూడా అందులో ఉన్నాయి. అవి కుటుంబం కోరికపై తొలగించాము. చివర్లో ఆమె కొడుకుతో అన్నది: “కామారెడ్డిలో నా సహేలీకి రెండు వందలు ఇవ్వాలి బేటా. నీ చెల్లెలి పెళ్లికి తెచ్చాను. నేను మరచినా నువ్వు మరవకు.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. జనాజా నమాజుకు ముందు మృతుని అప్పు గురించి దైవప్రవక్త (సఅసం) విచారించేవారన్న సంగతి అందరికీ గుర్తొచ్చింది. కొడుకు ఆ బాకీ తీర్చాడో లేదో చెప్పగలవారు ఇంట్లో లేరు.

మనవడు మర్నాడే మమ్మల్ని వెంటబెట్టుకుని కామారెడ్డి వెళ్లాడు. ఆ సహేలీ కూడా ఇప్పుడు లేరు. ఆమె కూతురు దొరికింది, ఆమెకూ అరవై దాటాయి. విషయం విని డబ్బును వెనక్కి నెట్టింది. “మా అమ్మీ లెక్కలు పెట్టుకునే మనిషి కాదు బేటా, నా తరఫున మాఫ్” అంది. మనవడు బతిమాలితే, ఆ మొత్తాన్ని ఆమె తల్లి పేర సదఖా చేయడానికి ఒప్పుకుంది. లేవబోతుండగా ఆమె అడిగింది: “ఆ మాటల్లో మా అమ్మీ ప్రస్తావన ఉందన్నావు కదా, ఒక్కసారి వినిపిస్తావా?”

వినిపించాము. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇప్పటికైనా మీ ఇంటి సూట్‌కేసుల అడుగున వెతకండి.