పలు జట్ల బాటసారి: సి.కె. నాయుడు

వేరుసెనగ ఎండిపోయిన ఏట ముదిగుబ్బ రైల్వే స్టేషనులో మూటలతో నిలిచి బెంగుళూరు దారి పట్టువారిని మేము చిన్ననాటి నుండి చూచుచున్నాము. ఒకచోట పని ముగియగానే మరియొకచోటికి సాగుట వారి బ్రతుకు. ఆటలలో గూడ ఇట్టి బ్రతుకు కలదనిన శ్రోతలకు వింతగా తోచవచ్చును.

అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బంతి విసరువాడు పిచ్చరు. మొదట దిగినవాని చేయి అలసినపుడో, ప్రత్యర్థులు వానిని చితుకగొట్టుచున్నపుడో, పక్కన సిద్ధముగా నున్న మరియొకని పిలుతురు. అతడే రిలీఫ్ పిచ్చరు. ఒకమారు తొలగినవాడు ఆ పందెమున మరల దిగరాదు. కావున ఒరులు తెచ్చిపెట్టిన చిక్కును వచ్చినవాడే విప్పవలెను. ఇట్టివారిని జట్లు ఇచ్చిపుచ్చుకొనుచుండును. డొమినికన్ రిపబ్లిక్ దేశస్థుడు ఆక్టేవియో డోటెల్ 1999 నుండి 2013 వరకు 13 జట్ల పక్షమున విసరెను!

మన క్రికెట్టులో బౌలరును మార్చినను అతడు మరల రావచ్చును. అందుచే సరిగా అట్టి వృత్తి మనకు లేదు. అయినను ఆపదలో దిగుట, జట్టు వెంబడి జట్టు మారుట అను రెండు గుణములును గల తెలుగువా డొకరు మనకు కలరు. వారే కొట్టారి కనకయ్య నాయుడుగారు.

వారు 1895 అక్టోబరు 31న, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిరి. 1916లో బొంబాయిలో యూరోపియనులపై హిందూ జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయి యుండగా, తొమ్మిదవ ఆటగాడుగా దిగిరి. మూడు బంతులను అడ్డుకొనిరి. నాలుగవదానిని సిక్సరు కొట్టిరి. అంతకుమించిన రిలీఫు ఏముండును?

పిదప హోల్కారు మహారాజు ఇండోరునకు రావించి తన సైన్యమున పదవి నొసగెను. జీతము సైనికునిది, పని ఆటగానిది అని మా ఊహ. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. పై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. 1932 జూన్ 25న లార్డ్సులో ఆరంభమైన భారతదేశపు తొలి టెస్టునకు వారే నాయకులు. చేతికి దెబ్బ తగిలియు, 40 పరుగులతో మొదటి ఇన్నింగ్సులో మనవారి కెల్ల మిన్నగా నిలిచిరి. ఆ పర్యటనలో బ్యాటుతో 1,618 పరుగులే గాక, బంతితో 65 వికెట్లు గూడ సాధించిరి. ఎడ్జ్‌బాస్టనులో వారు కొట్టిన సిక్సరొకటి ప్రక్కనున్న యేటిని దాటి వేరొక కౌంటీలో పడెనని చెప్పుకొందురు. వారి బంతికి గూడ సంచారము అబ్బినది కాబోలు.

మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము ఇటుపైనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. మా అనంతపురము జిల్లా అందు చేరెను. ఆ 1953-54 ఋతువులోనే ఆంధ్రజట్టు రంజీ ట్రోఫీలో తొలిమారు దిగెను. నాయుడుగారు హోల్కారును విడిచి వచ్చి దానికి నాయకత్వము వహించిరి. నాటికి వారికి 58 ఏండ్లు. హోల్కారు జట్టున నాలుగుమార్లు రంజీ ట్రోఫీ విజయమును చూచినవారు, ఓనమాలు దిద్దుకొను జట్టుతో కలిసి ఎండలో నిలువ నేల?

ఒక్క ఋతువు ఆడి వెడలిరి గదా, నాగపూరున పుట్టి ఇండోరున బ్రతికినవారు మనవా రెట్లగుదురని కొందరి ఆక్షేపణ. బెంగుళూరు పోయిన కొడుకు ఉగాదికి వచ్చి ఒక్కనా డుండి మరలినచో, వాడు మా ఊరివాడు కాడని ముదిగుబ్బలో ఎవరును అనరు.

1956-57లో వారు ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడిరి. చివరిమారు 1963-64లో ఒక ధర్మార్థ పోటీలో దిగునాటికి వారికి 68 ఏండ్లు. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.