నీటి స్వచ్ఛతకు సాక్ష్యమేది?

నీటిని ఎన్నిమారులు మరగించినను పాత్ర అడుగున కొంత మన్ను మిగులుచుండుట చూచి, నీరే క్రమముగా మన్నుగా మారుచున్నదని ఐరోపా పండితులు పెక్కుకాలము విశ్వసించిరి. 1768వ సంవత్సరము చివర ఫ్రాన్సు దేశీయుడైన లవాజియే, పలుమారులు స్వేదనము చేసిన నీటిని, లేచిన ఆవిరి వెలికి పోక చల్లబడి మరల లోనికే జారునట్లు నిర్మించిన గాజుపాత్రలో పోసి, మూతి మూసి, 101 దినములు ఎడతెగక కాచెను. పిదప తూచి చూడగా మొత్తము తూకములో మార్పు లేదు. పాత్రను మాత్రము వేరుగా తూచగా అది మునుపటికన్న తేలికయ్యెను. ఆ తగ్గిన తూకమును, నీటినుండి లభించిన మన్ను తూకమును ఇంచుమించు సరిపోయెను. మన్ను నీటిది కాదు, గాజుది. రసాయనశాస్త్ర చరిత్రలో ఇంతకంటె ఆడంబరమైన ప్రయోగములు పెక్కు కలవు గాని, ప్రయోగశాలలో నీటితో పని గలవారికి దీనికి మించిన పాఠము లేదని నా తలంపు: శుద్ధజలము తన్ను తాకిన ప్రతి వస్తువునుండియు ఏదో ఒకటి గ్రహించును.

త్రాసునకు అందని మాలిన్యమును పట్టుటకు శాస్త్రజ్ఞులు విద్యుత్తును ఆశ్రయించిరి. నీటిలో విద్యుత్తును మోయునవి అయానులు, అనగా విద్యుదావేశము గల కణములు. లవణములు కరిగినప్పుడు ఇవి ఏర్పడును. అవి తగ్గిన కొలది నీటి వాహకత తగ్గును, నిరోధము పెరుగును. అయితే ఏ లవణమును లేని నీటిలో సైతము వాహకత సున్న కాదు. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఇంచుమించు 55 కోట్ల నీటి అణువులకు ఒకటి చొప్పున తనంతట తానే చీలి, హైడ్రోజన్, హైడ్రాక్సిల్ అయానులై యుండును. ఆ అత్యల్పమైన చీలిక వలన కలుగు వాహకత సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్సులు, నిరోధముగా చెప్పినచో 18.2 మెగాఓమ్ సెంటీమీటర్లు. ఇది ప్రకృతియే విధించిన హద్దు. ఆ ఉష్ణోగ్రత వద్ద ఇంతకు మించిన నిరోధమును మీటరు చూపినచో, నీటిని మెచ్చుకొనుటకు మారుగా మీటరును శంకింపవలయును.

1894లో జర్మనీ దేశమున కోల్‌రౌష్, హైడ్‌వైలర్ అను ఇరువురు, గాలి తీసివేసిన గాజు పరికరములో నీటిని మరల మరల స్వేదనము చేసి, 18 డిగ్రీల వద్ద 0.043 మైక్రోసీమెన్సుల వాహకత గల నీటిని సాధించిరి. ఆ ఉష్ణోగ్రతకు సహజమైన హద్దు 0.038 ప్రాంతమున నున్నది. నేటి ఆర్వో పొరలు గాని కృత్రిమ రెసిన్లు గాని లేని ఆ దినములలో, కేవలము ఓర్పుతో వారు హద్దునకు అంత చేరువగా పోగలుగుట నాకు ఎన్నిమారులు తలచినను అద్భుతముగానే తోచును.

నేడు కుళాయి నీరు ఆర్వో పొరను దాటి, అయానులను పట్టి విడుచు రెసిన్ పూసల నడుమ నడచి వచ్చునప్పటికి, గొట్టములో అమర్చిన మీటరు 18.2 అని చూపుచుండును. వేయి లీటర్ల తొట్టికి 1 మిల్లీగ్రాము ఉప్పు చేరినను ఆ సంఖ్య 17.5కు దిగును, అంతటి సూక్ష్మదృష్టి దానిది. కాని ఆ నీటినే బీకరులో పట్టి బల్లపై నుంచినచో, ఎవరును దానిని ముట్టకపోయినను, గాలిలోని కార్బన్ డయాక్సైడు కరుగుచు నిరోధము క్షణక్షణమునకు పడిపోయి, తుదకు 1 మెగాఓమ్ ప్రాంతమునకు చేరును. అందుచేతనే శుద్ధజలమును గొట్టములోనే కొలిచెదరు, తొలిధారను పారబోసెదరు, నిలువ యుంచక అప్పటికప్పుడు పట్టుకొని వాడెదరు.

ఇంతటి సూక్ష్మదృష్టి గల మీటరునకు గోచరింపని మాలిన్యములును కలవు. లవణలేశము లేని చక్కెరను ఆ నీటిలో కరిగించినను, చక్కెర అయానులుగా చీలదు గనుక మీటరు పెదవి విప్పదు. రెసిన్ అలసిపోయినప్పుడు ముందుగా తప్పించుకొని వచ్చు సిలికా సైతము దానికి సరిగా చిక్కదు. కర్బన పదార్థములను పట్టుటకు 185 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నీటిపై ప్రసరింపజేయుదురు. ఆ కాంతికి కర్బనము కార్బన్ డయాక్సైడై అయానులను పుట్టించును, పెరిగిన వాహకతనుబట్టి కర్బనమును లెక్కింతురు. ఔషధ ప్రమాణ గ్రంథములు శుద్ధజలమున లీటరుకు 500 మైక్రోగ్రాముల వరకు దీనిని సహించుచున్నవి. సున్నితమైన విశ్లేషణలకు 10 మైక్రోగ్రాములును అధికమే. అన్నిటికంటె మొండివి సూక్ష్మజీవులు. ఆహారమే లేదనదగిన ఆ నీటిలో, గొట్టముల లోగోడలకు పొరగా అంటుకొని అవి బ్రతుకును. చచ్చిన పిదప వాని కణకవచ శకలములు నీటిలో మిగిలి, సూదిమందుతో రక్తమున చేరినచో జ్వరమును కలిగించును. మరగించినంత మాత్రమున ఇవి నశింపవు. అందువలననే హైదరాబాదు చుట్టుపట్ల టీకాలు, సూదిమందులు తయారుచేయు కర్మాగారములలో వాహకత ఎంత స్వల్పముగా నున్నను, మిల్లీలీటరుకు 0.25 యూనిట్లను మించి ఈ విషపదార్థము ఉండరాదను నియమమును పాటింపవలసియున్నది.

1987 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రయోగశాల నీటిని మూడు తరగతులుగా విభజించి, వాహకతకు వరుసగా 0.1, 1, 5 మైక్రోసీమెన్సుల పరిమితులను విధించినది. సామాన్యమైన రసాయన పరీక్షకు మూడవ తరగతి చాలును. అచ్చట మొదటి తరగతి నీటిని వాడుట వ్యయమే గాని ప్రయోజనము కాదు.

మన యిండ్లలో ఆర్వో యంత్రమును అమర్చుటకు వచ్చినవారు గ్లాసులో ముంచి చూపు టీడీఎస్ మీటరు కూడ ఈ జాతిదే. అది లవణములను ఒక్కొక్కటిగా లెక్కించుట లేదు. వాహకతను కొలిచి, ఒక గుణకముతో హెచ్చించి సంఖ్యను చూపుచున్నది. అందు 50 అని కనబడినంత మాత్రమున నీటిలో క్రిములు గాని పురుగుమందులు గాని లేవని అర్థము కాదు. బోరునీరు త్రాగు కుటుంబములు మీటరు సంఖ్యతో తృప్తిపడక, సీసాడు నీటిని పరీక్షాకేంద్రమునకు పంపి, సూక్ష్మజీవుల పరీక్షను వేరుగా చేయించుకొనవలయును.