సీతాకోకచిలుకను సరిదిద్దిన సంఘం

పుస్తకాల అట్టలు, ప్రకటనలు, వ్యాపార చిహ్నాలు తీర్చిదిద్దేవారి స్థానిక సంఘమొకటి ప్రజాస్వామ్యానికి ఏ సేవ చేయగలదు? చికాగో నగరపు డిజైనర్లు ఈ ప్రశ్నకు ఒక కాగితంతో సమాధానం చెప్పారు.

2000వ సంవత్సరం నవంబరు 7. అమెరికా అధ్యక్ష పదవికి ఎన్నిక జరుగుతున్న రోజు. ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో ఓటర్లు ఒక్కొక్కరే చాటుగా అమర్చిన బల్ల వద్దకు వెళ్లి, చేతికిచ్చిన అట్టముక్కను యంత్రంలోకి దూర్చి, దానిపై తెరిచి ఉంచిన చిన్న పుస్తకంలోకి చూస్తున్నారు. ఎడమ పుటలో కొందరు అభ్యర్థుల పేర్లు, కుడి పుటలో మరికొందరి పేర్లు. నడుమ నిలువుగా ఒకే వరుసలో రంధ్రాలు. దబ్బనం వంటి చిన్న ఊచతో తమకు కావలసినవారి రంధ్రంలో పొడవాలి. అంతే పని.

ఎడమ పుటలో మొదటి పేరు జార్జి బుష్. రెండవ పేరు అల్ గోర్. గోర్‌ను ఎన్నుకోదలచిన మనిషి సహజంగా ఏం చేస్తాడు? రెండవ పేరు గనుక రెండవ రంధ్రంలో పొడుస్తాడు. కాని ఆ రెండవ రంధ్రం కుడి పుటలో మొదట ఉన్న పాట్ బుకానన్‌ది. గోర్‌ది మూడవ రంధ్రం. ప్రతి పేరు పక్కనా బాణం గుర్తు ఉన్నమాట నిజమే. అయినా కన్ను అలవాటైన దారినే పోయింది.

కొందరు పొరపాటున బుకానన్‌కు ఓటు వేసి బయటికి వచ్చారు. మరికొందరు పొరపాటు గ్రహించి, రెండవసారి గోర్ రంధ్రంలోనూ పొడిచారు. రెండు చోట్ల పొడిచిన ఓటు చెల్లదు. ఆ ఒక్క కౌంటీలోనే అలా చెల్లకుండాపోయినవి 19,000కు పైగా. బుకానన్‌కు ఊహించని విధంగా 3,400కు పైగా ఓట్లు వచ్చాయి. వాటిలో చాలా ఓట్లు తనవి కాకపోవచ్చునని ఆయనే అంగీకరించాడు. గోర్‌కు చేరవలసిన ఓట్లలో 2,000కు పైగా బుకానన్‌కు పడ్డాయని 2001లో రాజనీతి శాస్త్రజ్ఞులు లెక్కకట్టి ప్రకటించారు. చివరకు ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. ఆ 537 ఓట్లే అమెరికా అధ్యక్షుడెవరో తేల్చాయి.

రెక్కలు విప్పినట్టు రెండు పుటలూ పరచుకుని ఉన్న ఆ పత్రానికి పత్రికలు ‘సీతాకోకచిలుక బ్యాలెట్’ అని పేరు పెట్టాయి.

మంచి ఉద్దేశం, చెడ్డ కాగితం

ఆ పత్రం వెనుక కుట్ర ఏదీ లేదు. పామ్ బీచ్‌లో వృద్ధులు ఎక్కువ. చూపు మందగించినవారికి కూడా కనిపించాలని ఎన్నికల అధికారిణి అక్షరాల పరిమాణం పెంచింది. అభ్యర్థులు పదిమంది, పెద్ద అక్షరాలలో వేస్తే ఒక పుటలో ఇమడరు. అందుకే రెండు పుటలకు పంచింది. మాదిరి పత్రాన్ని ఎన్నికకు ముందే ఓటర్లకు పంపారు. పార్టీలేవీ ఆక్షేపించలేదు. అక్షరం పెద్దదైతే చాలునని అందరూ అనుకున్నారు. పేరు నుంచి రంధ్రం దాకా కన్ను నడిచే దారిని గురించి ఎవరూ ఆలోచించలేదు.

అలా ఆలోచించడమే వృత్తిగా గలవారు ఆ దేశంలో వేలకొలది ఉన్నారు. మందు సీసాపై చీటీ, రైళ్ల వేళల పట్టిక, విమానాశ్రయంలో దారిచూపే ఫలకం: ఇటువంటివన్నీ వారి చేతిమీదుగానే వెలువడతాయి. కాని ఓటు పత్రాన్ని తయారుచేసేటప్పుడు వారిని పిలిచిన అధికారి లేడు. ‘అది మా పని కదా’ అని వెళ్లి అడిగిన డిజైనరూ లేడు. ఒంటరిగా ఒక చిత్రకారుడు ఎన్నికల కార్యాలయం మెట్లెక్కి ‘మీ కాగితం బాగులేదు, నేను సరిదిద్దుతాను’ అంటే వినేదెవరు?

ఆ మాట అనడానికి ఒక సంఘం కావలసి వచ్చింది.

కుర్చీలు వేసేవారి సంఘం

అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్రాఫిక్ ఆర్ట్స్ అనే సంస్థ 1914లో న్యూయార్కులో పుట్టింది. చక్కని ముద్రణను ప్రోత్సహించడం, ఏటా ఉత్తమంగా రూపొందిన యాభై గ్రంథాలను ఏర్చి ప్రదర్శించడం తొలినాళ్లలో దాని ప్రధాన కృషి. అది చాలాకాలం న్యూయార్కు పెద్దల కూటమిగానే సాగింది. దూరపు నగరాలలో పనిచేసేవారు చందా కట్టి పత్రికలు తెప్పించుకోవడమే తప్ప పాలుపంచుకోవడానికి అవకాశం తక్కువ. ఎనభైల ఆరంభంలో ఆ పరిస్థితి మారింది. 1981లో ఫిలడెల్ఫియాలో తొలి ప్రాంతీయ శాఖ ఏర్పడింది. ఆ వెనుక నగరం తరువాత నగరం తన శాఖను స్థాపించుకుంది. చికాగో వాటిలో ఒకటి.

ఇటువంటి శాఖలను నడిపేది జీతగాళ్లు కారు. పగలు తమ కొలువులు చేసుకుని, సాయంకాలాలు సంఘానికి ఇచ్చేవారే. ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తారు. పేరుపొందిన డిజైనర్ల పనిశాలలకు సభ్యులను తీసుకుపోతారు. చదువు ముగించి వచ్చిన విద్యార్థుల చిత్రాలను అనుభవజ్ఞులు ముందుంచుకుని, మంచిచెడ్డలు చెప్పే కూటాలు జరుపుతారు. కొత్తగా చేరినవారికి మొదట దొరికేది వేదిక కాదు, పని. కుర్చీలు వేయాలి, ఆహ్వానాలు పంపాలి, వచ్చినవారి పేర్లు రాసుకోవాలి. పేరుకోసం వచ్చినవాడు మూడవ సమావేశానికి కనిపించడు. నిలిచినవానికి మాత్రం ఒకనాటికి తన వృత్తి ఎంత విశాలమైనదో తెలిసివస్తుంది.

సంఘబలం ఏమి సాధించగలదో ఈ సంస్థ అంతకు పూర్వమే ఒకసారి చూపింది. 1974లో అమెరికా రవాణాశాఖతో కలిసి, భాష రానివారికి సైతం దారిచూపే 34 సంకేత చిత్రాలను వెలువరించింది. టామస్ గైస్మార్ అధ్యక్షతన సభ్యుల సమితి ఒకటి దేశదేశాల విమానాశ్రయాలలోనూ ఒలింపిక్ క్రీడలలోనూ వాడిన గుర్తులను సేకరించి, ఒక్కొక్కదానినీ తరచి చూసింది. రోజర్ కుక్, డాన్ షనోస్కీ అనే ఇద్దరు డిజైనర్లు వాటిని గీశారు. 1979లో మరో 16 చేరి మొత్తం 50 అయ్యాయి. ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని వాటిని లోకానికి వదిలివేశారు. మరుగుదొడ్డి తలుపుమీద స్త్రీ, పురుషుల నల్లని ఆకారాలు చూసి లోపలికి వెళ్లే భారతీయ ప్రయాణికుడు ఆ సమితి కృషి ఫలాన్ని అనుభవిస్తున్నవాడే.

మన ఊరి పత్రం మాటేమిటి?

ఫ్లోరిడా గొడవ వార్తలకెక్కినప్పుడు చికాగో డిజైనర్లు దూరపు రాష్ట్రాన్ని పరిహసించి ఊరుకోవచ్చు. కాని చికాగో నగరమున్న కుక్ కౌంటీలోనూ అదే ఎన్నికలో సీతాకోకచిలుక పత్రం వాడారు. అక్కడ చిక్కు అధ్యక్ష పదవి వద్ద కాదు, న్యాయమూర్తుల వద్ద. ఇల్లినాయి రాష్ట్రంలో పదవీకాలం ముగిసిన న్యాయమూర్తులను కొనసాగించాలా వద్దా అని ప్రజలనే అడుగుతారు. కుక్ కౌంటీలో అటువంటివారు ఒక్కొక్క ఎన్నికలో డజన్ల కొద్దీ ఉంటారు. ప్రతి పేరుకూ ‘అవును’, ‘కాదు’ అని రెండేసి రంధ్రాలు. ‘ఫలానావారిని పదవిలో కొనసాగించవచ్చునా?’ అనే పొడవాటి ప్రశ్న పేరు పేరుకూ మళ్లీ మళ్లీ అచ్చయ్యేది. ఆ ప్రశ్నల అడవిలో అసలు పేరు ఎక్కడుందో వెదుక్కోవలసి వచ్చేది.

చికాగో శాఖ ఈ పని భుజాన వేసుకుంది. ఇల్లినాయి విశ్వవిద్యాలయపు చికాగో ప్రాంగణంలో డిజైన్ బోధించే మార్సియా లాసెన్ ఇందుకు ముందుండి నడిపింది. విద్యార్థులు, వృత్తినిపుణులు కలిసి పనిచేశారు. వారు మొదట కాగితం పట్టుకుని గీతలు గీయడానికి కూర్చోలేదు. ఓటరు నడిచే బాట మొత్తం పరిశీలించారు. ఇంటికి వచ్చే తాఖీదు, పోలింగ్ కేంద్రం గోడమీది సూచన, సిబ్బందికి ఇచ్చే శిక్షణ పుస్తకం, చివరకు ఓటు పత్రం: ఎక్కడ మనిషి తడబడినా ఆ తడబాటు డబ్బాలోకి చేరుతుందని గ్రహించారు.

వారు సూచించిన మార్పులు వింటే ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. ప్రశ్నను ఒక్కసారే అచ్చువేయండి. పేరును ముదురు అక్షరాలలో వేయండి. పేర్లన్నీ రంధ్రాలకు ఒకే వైపున ఉంచండి. వాక్యాలను నడిమికి సర్దక, ఎడమ అంచున సమంగా మొదలుపెట్టండి. నానా రకాల అక్షరాలు కలపక, శుభ్రమైన ఒక్క రకాన్నే వాడండి. అలంకారం కోసం బొమ్మలు పెట్టకండి.

మరొక సూచన చట్టం దాకా వెళ్లింది. అభ్యర్థుల పేర్లు పూర్తిగా పెద్దబడి అక్షరాలలో ఉండాలని అప్పట్లో ఇల్లినాయిలో నిబంధన ఉండేది. తెలుగు లిపిలో ఈ భేదం లేదు గాని, విషయం మనకూ అర్థమవుతుంది. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలలో కొన్ని గీత పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి. ఆ ఎగుడుదిగుళ్లవల్ల మాటకు ఒక ముఖం ఏర్పడుతుంది. అన్నీ పెద్దబడి అయితే ఇటుకలు పేర్చిన గోడలా ఒకే ఎత్తు. మన మాటలలోని గుడులు, కొమ్ములు, ఒత్తులు చెరిపివేసి చదవమన్నట్టే. ఇంత చిన్న విషయం కోసం డిజైనర్లు శాసనకర్తలకు నచ్చచెప్పవలసి వచ్చింది. ఒక్క మనిషి మాటకు లేని బరువు సంఘం మాటకు ఉంది.

2002 ఎన్నికలలో కుక్ కౌంటీ ఓటర్లు కొత్త పత్రాన్ని చూశారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు ఎన్నికల సంస్కరణకు చట్టం చేసి, సహాయ సంఘమొకటి నెలకొల్పింది. చికాగోలో మొదలైన కృషిని ఇన్‌స్టిట్యూట్ ‘డిజైన్ ఫర్ డెమోక్రసీ’ పేరుతో జాతీయ స్థాయికి తీసుకుపోయింది. ఆ సహాయ సంఘంతో కలిసి పనిచేయగా 2007లో దేశమంతటికీ పనికివచ్చే ఓటు పత్రాల మార్గదర్శకాలు వెలువడ్డాయి. అదే సంవత్సరం లాసెన్ ఆ అనుభవమంతా గ్రంథరూపంలో ప్రకటించింది.

గెలుపు సంపూర్ణం కాదు

ఇక్కడితో కథ సుఖాంతమని చెప్పడం సత్యం కాదు. మార్గదర్శకాలు సలహాలే గాని శాసనాలు కావు. 2018లో అదే ఫ్లోరిడాలో, బ్రావర్డ్ కౌంటీలో, సెనేటు సభ్యత్వపు పోటీని పత్రం ఎడమ అంచున, పొడవాటి సూచనల కింద అచ్చువేశారు. సూచనల కింద పోటీని ఉంచవద్దని మార్గదర్శకాలు పదకొండేళ్ల ముందే హెచ్చరించాయి. సూచనలు చదవనివారి చూపు అటు పోలేదు. గవర్నరు పోటీలో పడిన ఓట్లకంటే ఆ కౌంటీలో సెనేటు పోటీకి 20,000కు పైగా తక్కువ పడ్డాయి. రాష్ట్రం మొత్తంమీద సెనేటు విజేత ఆధిక్యం సుమారు 10,000. ఒకసారి నేర్చిన పాఠాన్ని తరం తరానికీ ఎవరో ఒకరు మళ్లీ చెబుతూనే ఉండాలి. సంఘాలు వ్యక్తులకంటే ఎక్కువ కాలం బతకవలసిన కారణం ఇదే.

మన గడపలో

భారతదేశానికి ఈ ప్రశ్న కొత్త కాదు. 1951–52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో చదువురాని ఓటర్ల కోసం ఒక్కొక్క అభ్యర్థికీ ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అతికించారు. ఎన్నికల కమిషన్‌లో చిత్రకారుడుగా పనిచేసి 1992లో పదవీవిరమణ చేసిన ఎం.ఎస్. సేఠీ గీసిన గుర్తులు ఆ తరువాత కూడా ఓటు యంత్రాలపై నిలిచాయి. ‘పైవారెవరూ కాదు’ అనే మీటకు 2015లో వచ్చిన చిహ్నాన్ని అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ రూపొందించింది.

తెలుగు నేలమీద ఈ సమస్య ఎంత పెద్దదో 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు చూపింది. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించడానికి పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా, పోటీలో 185 మంది నిలిచారు. ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో 12 ఓటు యంత్రాలు వరుసగా అమర్చవలసి వచ్చింది. పన్నెండు యంత్రాలలో తన అభ్యర్థిని వెదుక్కునే ముసలి రైతు కన్ను ఏ దారిన నడుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం అధికారి ఒక్కడి వల్ల కాదు, యంత్రం చేసినవాడి వల్లా కాదు. చూపు నడకను ఎరిగిన వృత్తివారు కూడా ఆ గదిలో ఉండాలి.

అటువంటివారు కూడి పనిచేసే ఆచారం మన దేశంలోనూ ఉంది. బొంబాయిలో వాణిజ్య చిత్రకారులు 1948లోనే కమర్షియల్ ఆర్టిస్ట్స్ గిల్డ్ స్థాపించుకున్నారు. తరువాత కాలంలో అది కమ్యూనికేషన్ ఆర్ట్స్ గిల్డ్ అయింది. 2010లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ డిజైనర్స్ ఆఫ్ ఇండియా వేర్వేరు నగరాలలో శాఖలు నెలకొల్పింది. వాటిలో చేరదలచిన యువకులు సాధారణంగా అడిగే ప్రశ్న ‘నాకేమి లాభం?’ అని. పరిచయాలు, ఉద్యోగ వార్తలు, పెద్దల సలహా: ఇవన్నీ దొరకవచ్చు. కాని చికాగో కథ చెప్పేది మరొకటి. చేతిలోని విద్య ఎంత గొప్పదైనా, దాని అవసరం ఉన్న తలుపు తట్టడానికి పదిమంది తోడు కావాలి.

కొత్త పత్రంతో ఓటు వేసి బయటికి వచ్చిన చికాగో పౌరుడెవరూ ఆ అక్షరాలను ఏర్చినదెవరని అడిగి ఉండడు. పేరు కనిపించింది, ఓటు పడింది, ఇంటికి పోయాడు. సాయంకాలాలు సంఘానికి ఇచ్చినవారు కోరిన ఫలమూ అదే.