బండి యూపునకు కళ్లెము



మదనపల్లె మార్కెట్టునకు టొమాటో పెట్టెలు మోసికొనివచ్చు పికప్ బండ్లను మీలో పలువురు చూచియుందురు. బాటలో గతుకు తగిలినపుడు ఒక బండి వెనుకభాగము ఒకసారి లేచి, క్రుంగి, వెంటనే కుదుటపడును. మఱియొక బండి గతుకు దాటి చాల దూరము పోయినను ఊగుచునే యుండును. రెండింటికిని కమానులు సమానమే, బరువు సమానమే. భేదమెల్ల కమాను ప్రక్కనుండు ఒక ఇనుపగొట్టములో నున్నది. దానినే షాక్ అబ్సార్బరు అందురు. అది యరిగినదని గుర్తించుట యెట్లు, ఇంటిముంగిట మార్చుకొనుట యెట్లు, అందులో మనము చేయదగిన పని యేది, చేయరాని పని యేది యను విషయములను ఈ ప్రసంగమున మనవిచేసెదను.

షాక్ అబ్సార్బరనగా కుదుపును మ్రింగునది యని యర్థము. ఈ పేరు కొంత మోసపుచ్చునది. నిజమునకు కుదుపును మ్రింగునది కమాను. చక్రము ఱాతిపై కెక్కినపుడు కమాను వంగి యా దెబ్బను తనలో నిలువచేసికొనును. కాని పుచ్చుకొన్నదానిని అది అట్టిపెట్టుకొనదు, తిరిగి యిచ్చివేయును. వంగినది సాగును, సాగినది మరల వంగును. ఒకమారు త్రోసి విడిచిన ఉయ్యాల తనంతట తాను ఎంతసేపు ఊగునో మనమెఱుగుదుము గదా! అట్టి యూపును అణచుటయే షాక్ అబ్సార్బరు పని. ఇంగ్లాండువారు దానిని డాంపరు, అనగా అణచునది, అని పిలుతురు. ఆ పేరే దానికి తగినది.

ఈ గొట్టములో నూనె యుండును. నూనెలో ఒక కడ్డీ, కడ్డీ చివర పిస్టను, పిస్టనులో సన్నని రంధ్రములు, వానికి కవాటములు నుండును. చక్రము లేచి దిగునపుడెల్ల పిస్టను ఆ సన్నని దారులగుండ నూనెను త్రోయవలసియుండును. చెఱువులో దిగి అరచేతిని మెల్లగా కదపినచో నీరు అంతగా అడ్డురాదు. విసురుగా కదపినచో గోడవలె అడ్డగించును. ఇచ్చటను అంతియే. ఊపు ఎంత వేగముగా వచ్చునో నూనె అంత గట్టిగా అడ్డగించును. ఆ పెనుగులాటలో ఊపులోని శక్తి వేడిగా మారి, గొట్టపు గోడలగుండ గాలిలో కలిసిపోవును.

పూర్వపు జట్కాబండికి కమానులుండెను గాని ఈ గొట్టము లేదే యని మీరడుగవచ్చును. కమాను రేకులు ఒకదానిపై నొకటి రాచుకొని తామే కొంత ఊపును అణచెడివి. గుఱ్ఱపు వేగమునకు అది చాలెడిది, మోటారు వేగమునకు చాలలేదు. అందువలన 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫ్రాన్సు దేశీయుడగు ట్రుఫో కల్పించిన రాపిడి బిళ్ళల సాధనమును అమెరికాలో హార్ట్‌ఫర్డు అనునతడు మోటారులకు ప్రచారము చేసెను. పిదప నూనెగొట్టములు వచ్చినవి. 1950ల దశకమున డి కార్బన్ అను ఫ్రెంచివాడు, నూనె నురుగుకట్టకుండ గొట్టములో అధిక పీడనముతో వాయువును నింపు పద్ధతిని రూపొందించెను. నేడు అంగళ్ళలో నూనెవియు, వాయువు చేర్చినవియు రెండు తెగలును దొరకుచున్నవి.

ఇక, ఇది అరిగిన నేమగునో చూతము. కూర్చున్నవారికి నడుము నొప్పి కలుగునని మాత్రమే పలువురి తలంపు. అసలు ముప్పు అది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. అడ్డు లేని చక్రము ఇరుసుతోకూడ సెకనుకు పది పండ్రెండుసార్లు ఎగిరిపడును. అనగా ప్రతి మీటరున్నరకు ఒకమారు టైరు నేలపై పట్టు సడలించుచుండును. బ్రేకు చక్రమును ఆపగలదు. బండిని ఆపునది మాత్రము నేలను పట్టుకొన్న టైరే. నేలను విడిచిన చక్రమును ఎంత గట్టిగా బిగించినను బండి ఆగదు. పికప్ బండికి ఈ యపాయము ఎక్కువ; ఏలయన దాని వెనుక కమానులు నిండు బరువునకై గట్టిగా చేయబడినవి. సరుకు దింపి ఖాళీగా తిరిగివచ్చునపుడు వెనుక చక్రములపై బరువు తక్కువ, కమాను బిరుసు ఎక్కువ. గతుకుల మలుపులో వెనుకభాగము ప్రక్కకు జాఱునది అప్పుడే. కావున షాక్ అబ్సార్బరును సుఖసాధనముగాగాక, బ్రేకులో నొక భాగముగా ఎంచవలెను.

అరిగినదని తెలిసికొనుటకు గుర్తులు కొన్ని కలవు. గొట్టముపై పలుచని చెమ్మ కనబడుట దోషము కాదు. నూనె ధారగట్టి దుమ్ముతో ముద్దయై యున్నచో లోపలి సీలు చెడినదని యర్థము. కడ్డీ వంగుట, గొట్టము సొట్టపడుట, కొనలయందలి రబ్బరు బుష్షులు చిట్లుట కంటికే కనబడును. టైరు అంచుమీద అరచేయి త్రిప్పి చూడుడు. అక్కడక్కడ పల్లములుగా అరిగియున్నచో చక్రము ఎగురుచున్నదని అనుమానింపవచ్చును. బండి మూలను అదిమి విడిచి, ఎన్నిసార్లు ఊగునో లెక్కించు పరీక్ష యొకటి వాడుకలో కలదు. కార్లకు అది పనికివచ్చును గాని, బిరుసు కమానుల పికప్పునకు దానిని నమ్మరాదు. బిరుసుదనము వలన చెడిన గొట్టముతోడను బండి కదలక నిలుచును. దానికి మేలైన పరీక్ష వేఱొకటి కలదు. గతుకుల బాటను కొంతదూరము నడపివచ్చి వెంటనే రెండు గొట్టములను తాకి చూడుడు. పనిచేయునది వెచ్చగా నుండును. ఒకటి వెచ్చగాను, రెండవది చల్లగాను ఉన్నచో చల్లనిది పనిచేయుట లేదని గ్రహింపుడు. ప్రక్కనున్న సైలెన్సరు గొట్టము మాత్రము చేతికి తగులరాదు. బండి ఒక ప్రక్కకు క్రుంగియున్నచో అది కమాను దోషమేగాని దీని దోషము కాదు.

క్రొత్తవి కొనునపుడు ఒక ఇరుసునకు రెండును కలిపి కొనవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైనచో రెండు ప్రక్కల పట్టు సమానముగా నుండదు. బండి నమూనా, తయారైన సంవత్సరము చెప్పి తీసికొని, ముడిచినపుడును సాగినపుడును ఉండు పొడవును, కొనల యాకారమును పాతవానితో పోల్చి చూడుడు. పొట్టిది బిగించినచో చక్రము దిగునపుడు అదే బిగుసుకొని తెగును. నూనె గొట్టములు అంగడిలో పండుకొనబెట్టియుండుటచే లోపల గాలి చేరియుండవచ్చును. బిగించుటకు ముందు, బండికి తగిలించునట్లే నిలువుగా పట్టుకొని, మెల్లగా నాలుగైదుసార్లు పూర్తిగా లాగి ముడువుడు. నడుమ తేలికగా జాఱు చోటు లేకుండ పోయినప్పుడు గాలి పోయినదని యర్థము.

ఇక పని. తుప్పుపట్టిన నట్టులను తీగబ్రష్షుతో తోమి, తుప్పు విడిపించు నూనెను ముందటి రాత్రియే పోసియుంచుడు. ఓపిక చేయగల పనిని సుత్తి చేయజాలదు. మఱునాడు బండిలోని సరుకంతయు దింపి, సమమైన గట్టినేలపై నిలుపుడు. మెత్తని మట్టినేల పనికిరాదు. చాల పికప్పులకు క్రింద తగినంత ఎడముండును. చేయి, స్పానరు పట్టునట్లయినచో బండిని ఎత్తనే యెత్తవలదు. నాలుగు చక్రములు నేలపై నుండగా వెనుక గొట్టములు మార్చుటయే అన్నిటికంటె క్షేమమైన పద్ధతి.

ఎత్తకతప్పనిచో ఒక సంగతి గుర్తుంచుకొనుడు. వెనుక చక్రములతో నడచు పికప్పునకు సాధారణముగా హ్యాండు బ్రేకు పట్టునది వెనుక చక్రములనే. గేరులో నుంచినను అడ్డగించునది ఆ చక్రములనే. అవి నేలను విడిచినంతనే ఆ రెండు కట్టులును వ్యర్థము. అప్పుడు బండిని నిలుపునవి ముందు చక్రములకు ఇరువైపుల పెట్టిన దిమ్మలు మాత్రమే. కావున జాకీ ముట్టుకొనకమునుపే దిమ్మలు పెట్టవలెను. ఎత్తిన పిదప, బరువునకు తగిన రెండు ఇనుప స్టాండ్లను ఇరుసు క్రింద నిలిపి, బరువును వానిపైకి దింపవలెను. జాకీ ఎత్తుటకేగాని మోయుటకు కాదు. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు ఒక్క క్షణములో పగిలిపోవును. వానిని నమ్మి బండి క్రింద దూఱినవాడు ప్రాణముతో జూదమాడినట్లే. స్టాండ్లను చట్రము క్రింద గాక ఇరుసు క్రింద పెట్టుటకు కారణము కలదు. చట్రము క్రింద పెట్టినచో ఇరుసు వ్రేలాడును. గొట్టము విప్పినంతనే అది మఱింత దిగజాఱి బ్రేకు గొట్టమును లాగును. తుదకు బండిని ప్రక్కనుండి త్రోసి చూచి, కదలనిచో అప్పుడే క్రిందికి పొండు.

రెండు ప్రక్కలను ఒక్కమారు విప్పవలదు. ఒకటి ముగించి రెండవది మొదలుపెట్టినచో, విప్పనిది మాదిరిగా కనబడుచుండును. వాషరులు, రబ్బరులు ఏ వరుసలో వచ్చినవో ఆ వరుసలోనే నేలపై పేర్చుడు. కంట తుప్పు పడకుండ అద్దములు పెట్టుకొనుడు. నట్టు మొండికెత్తినచో కొంచెము బిగించి, మరల వదలించి, అటునిటు ఆడింపుడు. మంట పెట్టి కాల్చుట మాత్రము కూడదు. మూసిన గొట్టములో నూనెయు, కొన్నింట పీడనముగల వాయువును ఉండును, అది ప్రేలవచ్చును. పాతదానికి రంధ్రము చేయుటయు, కోయుటయు ఈ కారణముననే తగదు. కారిన నూనెను కాలువలో పారబోయక సీసాలో పట్టి, వాడిన ఇంజను నూనె తీసికొను చోట అప్పగింపుడు.

క్రొత్తదానిని పైకొన ముందు, క్రిందికొన తరువాత తగిలింపవలెను. వాయువు చేర్చినవి కట్టుపట్టీతో ముడిచి వచ్చును. పైకొన నిలిచిన పిదప పట్టీ తెంపినచో కడ్డీ తానే మెల్లగా సాగి క్రింది బోల్టును చేరును. కడ్డీని పటకాఱుతో పట్టుకొనరాదు. దానిపై గీత పడినచో సీలు కొద్దికాలములో తెగును. స్వయముగా బిగిసికొను నట్టులను క్రొత్తవే వాడుడు. మొదట నట్టులను వ్రేళ్ళతోనే త్రిప్పి కూర్చోబెట్టుడు. కడపటి బిగింపు బండి బరువు చక్రములపై నున్నపుడే చేయవలెను. చాలమంది విస్మరించునది ఇదియే. రబ్బరు బుష్షు నట్టు బిగిసిన స్థితినే తన విశ్రాంతిస్థితిగా కొనును. ఇరుసు వ్రేలాడుచుండగా బిగించినచో, బండి దింపిన నాటినుండి ఆ రబ్బరు మెలిపడియేయుండి త్వరలో చినుగును. ఎంత బలముతో బిగింపవలయునో బండి చేపుస్తకములో నుండును. కొలత చూపు స్పానరుతో అంతే బిగింపుడు. రెండవ ప్రక్కయు ముగిసిన పిమ్మట బ్రేకు గొట్టము దేనికిని రాచుకొనుట లేదని చూచి, మెల్లగా కొంతదూరము నడపి, నట్టులను మరల పరీక్షింపుడు. వంద కిలోమీటర్ల తరువాత ఇంకొకమారు చూచుట మేలు.

ఇంతవరకు చెప్పినది వెనుక కమానులుగల యిరుసునకు. ముందువైపు చుట్టు స్ప్రింగు నడుమ షాక్ అబ్సార్బరు కూర్చున్న బండ్లు కలవు. ఆ స్ప్రింగు ఎల్లప్పుడును అదిమి బంధింపబడి యుండును. పైనట్టు విప్పినంతనే అది తుపాకిగుండువలె ఎగిరి ప్రాణము తీయగలదు. తగిన యంత్రముతో స్ప్రింగును ముడిచి పట్టవలసిన ఆ పనిని మెకానిక్కునకే విడువుడు. చేయగలిగినది చేసికొనుట ఎంత నేర్పో, చేయరానిదానిని మానుటయు అంతే నేర్పు.

క్రొత్త గొట్టములు బిగించితిమిగదా యని బండిపై హెచ్చుబరువు వేయుటకు పూనుకొనవలదు. బరువు మోయునది కమాను. ఈ గొట్టము బరువు మోయుటకు చేయబడినది కాదు. దీని పని యొక్కటే: చక్రమును నేలను విడువనీయకుండుట. తెల్లవారుజామున టొమాటోలు మోసిన ఆ బండియే సాయంకాలము కూలిజనమును ఇండ్లకు చేర్చుచుండును. బండి యజమాని నెలకొకమారు వంగి ఇరుసు వెనుక చూచి, రెండు గొట్టములను తాకి పరీక్షించుటకు కొలదిసేపే పట్టును. వెనుక కూర్చున్నవారికి ఆ గొట్టముల సంగతి తెలియదు. వారు యజమానిని నమ్మి యెక్కినారు. ఆ నమ్మకమును నిలుపుటకు ఆ కొలదిసేపు చాలును.