అంతర్జాల సమావేశాలలో ఉమ్మడి నోట్సు: ప్రవేశసమస్యలు – పరిష్కారాలు (దమ్మపేట ప్రాంత పరిశోధన నేపథ్యం)

వ్యాససంగ్రహం:
అంతర్జాల సమావేశంలో అందరూ కలిసి రాసుకొనే నోట్సు కొందరికి తెరుచుకోకపోవడానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పైకి ఒకేలా కనిపించే ఈ సమస్య వెనుక వేర్వేరు కారణాలున్నాయనీ, వాటిని విడదీసి చూడకుండా నోట్సును అందరికీ తెరిచిపెట్టడం క్షేత్రపరిశోధనకు హాని చేస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉమ్మడి నోట్సు, అనుమతి, యూనికోడ్, క్షేత్రపరిశోధన, కోయ మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

సత్తుపల్లికీ అశ్వారావుపేటకూ నడుమ ఉన్న దమ్మపేట మండలం 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడేవరకు ఖమ్మం జిల్లాలోనిది. పామాయిల్ తోటలు, వాటిని దాటితే అడవి, ఆ అంచున కోయగూడేలు. కోయల మౌఖిక సాహిత్యంపై ఇక్కడ ఉండి పనిచేసే పరిశోధకునికి క్షేత్రం ఇంటిముందే ఉంటుంది. పర్యవేక్షకులూ తోటి పరిశోధకులూ మాత్రం వరంగల్‌లోనో హైదరాబాదులోనో ఉంటారు. అక్కడికి వెళ్ళి రావడం ఒక పూటతో తీరే పని కాదు. కనుక కోవిడ్ కాలంలో అలవాటైన అంతర్జాల సమావేశం ఇలాంటి వారికి ఆ తర్వాత కూడా అవసరంగానే మిగిలింది.

యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్.డి. నిబంధనల ప్రకారం పరిశోధకుడు ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహాసంఘం ముందు తన ప్రగతిని నివేదించాలి. అటువంటి సమావేశంలో వచ్చిన సూచనలు, వాటికి పరిశోధకుడిచ్చిన సమాధానాలు ఉమ్మడి నోట్సులో నమోదవుతున్నప్పుడు, అది తెరుచుకోనివానికి మాట వినబడినా రాతలో చోటుండదు. ఆరు నెలల తర్వాత సాక్ష్యంగా నిలిచేది ఆ రాతే.

2. సమావేశం వేరు, నోట్సు వేరు

సమావేశంలోకి రాగలిగినవారు నోట్సులోకీ రాగలరన్నది చాలామందిలో ఉన్న అపోహ. బిగ్‌బ్లూబటన్ వంటి వేదికలో ఇది కొంతవరకు నిజం. 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ వేదికలో ఉమ్మడి నోట్సు సమావేశం లోపలే ఉంటుంది. మోడరేటరు తాళం వేయనంతవరకు ఎవరైనా రాయవచ్చు. అయితే సమావేశం ముగిసేలోగా ప్రతిని దింపుకోవడం మరువరాదు.

గూగుల్ మీట్, జూమ్ సమావేశాలలో మన అధ్యాపకులు ఎక్కువగా వాడే గూగుల్ డాక్స్ సంగతి వేరు. ఆ పత్రం సమావేశానికి బయట, ఒక వ్యక్తి డ్రైవులో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనూ నోట్సు దాన్ని ప్రారంభించినవారి వన్‌డ్రైవ్‌లోనే చేరుతుంది. అంటే దాటవలసిన తలుపులు రెండు.

రెండవ తలుపు దగ్గర ఆగిపోవడానికి మొదటి కారణం ఖాతా. అనుమతి విశ్వవిద్యాలయపు ఈమెయిలుకు ఇచ్చి ఉంటారు. ఫోనులో తెరిచి ఉన్నది సొంత జీమెయిలు. పేరు ఒకటే అయినా వ్యవస్థ దృష్టిలో వీరిద్దరూ వేర్వేరు మనుషులు. పైన కుడి మూలన ఉన్న బొమ్మను నొక్కి ఏ ఖాతాలో ఉన్నామో చూసుకుంటే చాలా సందర్భాలలో సమస్య అక్కడే తీరుతుంది. రెండవది అనుమతి స్థాయి. వ్యూయర్‌గా చేర్చినవారు చదవగలరు, కామెంటర్‌గా చేర్చినవారు వ్యాఖ్య రాయగలరు, ఎడిటర్‌గా చేర్చినవారే పాఠాన్ని మార్చగలరు. మూడవది సంస్థ విధించే హద్దు. సంస్థ ఖాతాలో సృష్టించిన పత్రాన్ని బయటివారితో పంచుకోకుండా నిర్వాహకులు నిరోధించి ఉండవచ్చు. అప్పుడు పత్రం సొంతదారు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితముండదు. నిర్వాహకుల అనుమతి కోరాలి, లేదా అందరికీ అందే మరొక చోట పత్రాన్ని తెరవాలి.

ఫోనుతో మరో చిక్కు ఉంది. గూగుల్ డాక్స్ యాప్ లేకపోతే బ్రౌజరులో పత్రం కనబడినా రాయడానికి సాధారణంగా వీలుపడదు. దమ్మపేట వంటి చోట పరిశోధకునికి ఫోనే కంప్యూటరు కనుక ఇది చిన్న విషయం కాదు. యాప్‌లో పత్రాన్ని ముందుగానే ఆఫ్‌లైన్‌కు అందుబాటులో ఉంచుకుంటే సిగ్నల్ పోయినప్పుడు రాసినది, తిరిగి వచ్చాక దానంతటదే చేరుతుంది. సిగ్నల్ పోయి మళ్ళీ సమావేశంలో చేరినవారికి అంతకుముందు చాట్‌లో పెట్టిన లింకు చాలా సందర్భాలలో కనబడదు. లింకును చాట్‌లో కాక ఆహ్వానపత్రంలోనే ఇవ్వడం మేలు.

'రిక్వెస్ట్ యాక్సెస్' నొక్కితే సరిపోదా అని అడగవచ్చు. ఆ అభ్యర్థన సొంతదారుకు ఈమెయిలుగా వెళుతుంది. ఆయన ఆ సమయంలో సమావేశంలో ప్రసంగిస్తూ ఉంటారు!

3. అందరికీ తెరవడం పరిష్కారమా?

ఇన్ని చిక్కుల మధ్య సులువుగా తోచేది 'లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చు' అన్న ఎంపిక. బహిరంగ ఉపన్యాసానికి ఇది చాలు. అక్కడైనా ఒక పత్రాన్ని ఏకకాలంలో 100 ట్యాబులు లేదా పరికరాలకు మించి ఎడిట్ చేయలేవన్న గూగుల్ పరిమితిని గుర్తుంచుకోవాలి. పెద్ద సదస్సుకు ఇద్దరు ముగ్గురు లేఖకులుంటే చాలు, మిగిలినవారు చదివితే సరిపోతుంది.

క్షేత్రపరిశోధన నోట్సుకు మాత్రం ఈ ఎంపిక తగదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. డోలి కళాకారులు పడిగెలతో గానం చేసే వేల్పుల కథలను తీసుకుందాం. (2022లో పద్మశ్రీకి ఎంపికైన సకిని రామచంద్రయ్య ఈ జిల్లాకు చెందిన డోలి కళాకారులే.) అటువంటి కథను సేకరించినప్పుడు నోట్సులో పాఠంతోపాటు చెప్పినవారి పేరు, గూడెం, వయస్సు, ఫోను నంబరు, ఒక్కొక్కసారి బయటివారికి చెప్పవద్దని కోరిన భాగం కూడా ఉంటాయి. లింకు ఒక వాట్సాప్ సమూహం నుండి మరొక దానికి వెళ్ళడానికి ఎంతో సేపు పట్టదు. పైగా ఖాతా లేకుండా ప్రవేశించినవారు అనామకులుగానే కనబడతారు. ఎవరు ఏ పాఠాంతరాన్ని చేర్చారో, ఎవరు తొలగించారో తర్వాత నిర్ధారించలేము. పాఠాంతరాల మీద నడిచే మన శాస్త్రంలో ఇది మామూలు లోపం కాదు.

అందువల్ల రెండు పత్రాలుండాలి. చర్చాంశాలు, సూచనలు ఒకదానిలో. వక్తృవివరాలు మరొకదానిలో, పేరుపేరునా అనుమతించిన వారికి మాత్రమే. సభ్యులు నిజంగా వాడే ఈమెయిళ్ళను రెండు రోజుల ముందే సేకరించి చేర్చాలి. చేర్చిన తర్వాత ఒక్కొక్కరినీ తమ పరికరంలో పత్రం తెరిచి ఒక వాక్యం రాయమనాలి. తెరుచుకున్నదా అని అడిగితే "తెరుచుకుంది సార్" అనే సమాధానమే వస్తుంది. రాయమంటేనే అసలు స్థితి తెలుస్తుంది.

4. తెరుచుకున్నా చదవలేని నోట్సు

తెలుగుకు ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని పేజ్‌మేకర్ నుండి నకలు తీసి ఉమ్మడి నోట్సులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను నిలిపినవి కావడమే కారణం. చూపులేని పరిశోధకులు వాడే స్క్రీన్ రీడరు కూడా దాన్ని తెలుగుగా చదవలేదు. ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూసి, ఆ తర్వాతే అతికించాలి. తెలుగు లిపిలో రాసిన కోయ పాటల విషయంలో ఈ సరిచూపు మరింత అవసరం. తెలుగు పదం చెడితే పాఠకుడు ఊహించి సరిదిద్దుకోగలడు. కోయ పదం చెడితే చర్చలో ఉన్న అధ్యాపకులలో ఎక్కువమందికి అది చెడిందనే తెలియదు.

చివరిగా సొంతదారు ప్రశ్న. నోట్సు పరిశోధకుని సంస్థ ఖాతాలో ఉండి, పట్టా వచ్చాక ఆ ఖాతాను రద్దు చేస్తే పత్రం కూడా పోయే ప్రమాదముంది. సంస్థకు గూగుల్ షేర్డ్ డ్రైవ్ సౌకర్యముంటే అందులోని పత్రాలు వ్యక్తికి కాక సంస్థకు చెందుతాయి. ఆ సౌకర్యం లేనిచోట ప్రతి సమావేశం ముగియగానే నోట్సును పీడీఎఫ్‌గా దింపి, తేదీ వేసి, సభ్యులందరికీ పంపే బాధ్యతను ఒకరికి అప్పగించాలి.