ఆఖరి మంచు దాటాకే బంతి నారు

ఏప్రిల్‌లో షికాగో వైపు ఒక్కోసారి మధ్యాహ్నం 20 డిగ్రీలు దాటి హాయిగా ఎండ కాస్తుంది. దుకాణాల ముందు బంతి, జినియా, పెటూనియా నారు ట్రేలు వచ్చేస్తాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు పెరట్లో ఖాళీగా ఉన్న మడి చూస్తే చెయ్యి ఊరుకోదు. కానీ ఆ మొక్క బతుకును తేల్చేది మధ్యాహ్నపు ఎండ కాదు, తెల్లవారుజాము చలి.

పగలు పట్టుకున్న వేడిని నేల రాత్రంతా పరారుణ కిరణాలుగా పైకి వదులుతూ ఉంటుంది. మబ్బు ఉంటే అందులో కొంత తిరిగి కిందికి వస్తుంది. మబ్బు లేక, గాలి కూడా ఆడని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి బరువెక్కి పల్లపు చోట్ల చేరుతుంది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. అది 2 డిగ్రీలు చూపిస్తున్నప్పుడే నేల దగ్గరి ఆకు సున్నా కిందికి దిగిపోవచ్చు. చుక్కలు నిర్మలంగా కనిపించే వసంత రాత్రే నారుకు ఎక్కువ ప్రమాదం.

ఆకు మీది నీరు సరిగ్గా సున్నా దగ్గరే గడ్డకట్టాలని లేదు. మంచు స్ఫటికం మొదలవడానికి ఏదో ఒక ఆధారం కావాలి. అది దొరక్కపోతే ఇంకొన్ని డిగ్రీలు దిగినా నీరు నీరుగానే ఉంటుంది. ఆ ఆధారం ఇచ్చే వాటిలో స్యూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా ఒకటి. ఆకుల మీద సాధారణంగా కనిపించే ఈ సూక్ష్మజీవి పైపొరలోని ఒక ప్రోటీను మైనస్ 2 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టగలదు. ఆ ప్రోటీను తయారు కాకుండా జన్యువును తీసేసిన రకాన్ని 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ, బంగాళదుంప మొక్కల మీద చల్లి చూశారు. జన్యువు మార్చిన జీవిని ఆరుబయట వదిలిన తొలి ప్రయోగాల్లో అదొకటి.

మంచు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో ఏర్పడి, కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. కణం ఎండిపోతుంది, దాని పొర చెడుతుంది. ఎండ వచ్చేసరికి ఆకు మెత్తబడి, నల్లబడి వేలాడుతుంది. పాన్సీ లాంటివి చలికి అలవాటు పడేకొద్దీ కణాల్లో చక్కెరలు పెంచుకుని తట్టుకుంటాయి. బంతి, జినియాల పుట్టిల్లు మెక్సికో. ఆ శక్తి వాటికి లేదు.

మరి ఎప్పుడు నాటాలి? చాలామంది అమెరికా వ్యవసాయ శాఖ జోన్ల పటం చూస్తారు. ఆ పటం చెప్పేది శీతకాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటును. ఏ మొక్క ఏడాది పొడవునా నేలలో బతుకుతుందో దాని నుంచి తెలుస్తుంది గానీ వసంతంలో నాటే రోజు తెలియదు. చూడాల్సింది మీ ఊరి ‘ఆఖరి మంచు తేదీ’. అదీ హామీ కాదు, ముప్ఫయ్యేళ్ల లెక్కల్లోంచి తీసిన అంచనా. సాధారణంగా ఇచ్చే తేదీకి అర్థం, సగం ఏళ్లలో ఆ తర్వాత కూడా మంచు పడిందని. ఇంకో రెండు మూడు వారాలు ఆగితే ముప్పు బాగా తగ్గుతుంది. మృగశిర కార్తె కోసం మన రైతు చూసినట్టే, మే 11 నుంచి 15 వరకు వచ్చే ‘మంచు సాధువుల’ రోజులు దాటేదాకా మధ్య యూరప్‌లో ఆగే ఆచారం ఉంది. ఎన్నో తరాల పరిశీలన అందులో ఉంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు.

గాలి వెచ్చబడినంత త్వరగా మట్టి వెచ్చబడదు, తడి మట్టి మరీ ఆలస్యం. చల్లటి తడిలో విత్తనం మొలవకముందే కుళ్లిపోతుంది. ఉదయం పూట 5 సెంటీమీటర్ల లోతున థర్మామీటరు గుచ్చి చూడండి. 20 డిగ్రీలకు దగ్గరపడితే జినియా గింజలు వేయవచ్చు. ఇంట్లో పెంచిన నారునైతే ముందు నీడలో గంటో రెండు గంటలో ఉంచి, వారం పది రోజుల్లో మెల్లగా ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. లేకపోతే మంచు పడకపోయినా ఆకులు మాడతాయి.

మల్లె, కనకాంబరం కుండీల సంగతి వేరు. ఈ ఉష్ణమండలపు మొక్కల కణపొరలు గడ్డకట్టేంత చలి లేకుండానే దెబ్బతింటాయి. కాబట్టి ఆఖరి మంచు తేదీ వీటికి సరిపోదు. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత వరసగా 10 డిగ్రీలకు పైనే నిలిచాక వాటిని బయట పెట్టండి. మళ్లీ చలి రాత్రి వస్తుందని తెలిస్తే సాయంత్రమే లోపలికి తెచ్చుకోండి.