మూలబడిన పనిముట్లు పరదేశమున కక్కఱకు వచ్చు విధము



మన కొట్టముల మూలలలో పిడి యూడిన బాడిసలు, చిలుము పట్టిన రంపములు, మొక్కవోయిన ఉలులు ఎన్ని పడియున్నవో ఒకమాఱు చూచుకొనుడు. అవి మనకు బరువు. సముద్రముల కావల, పని నేర్చియు పనిముట్టు లేక చేతులు ముడుచుకొని కూర్చున్న వడ్రంగికి అవియే జీవనాధారములు. ఈ విషయమును సభ్యు లాలోచింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దూరదేశస్థుల సాయ మెట్టిదో మన కర్నూలు, కడప సీమలకు తెలియనిది కాదు. 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు ఈ సీమలను పీడించెను. 1877 ఆగష్టులో మదరాసునుండి పోయిన విన్నపముపై లండను నగరపు మేయరు చందాల నిధిని తెఱచెను. అందు 5 లక్షల పౌనులకు మించి చేరెను. వానలు కురిసిన పిమ్మట ఆ నిధినుండి రైతులకు విత్తనములకును, ఎద్దులకును, కూలిన యిండ్లకును ధనసాయము చేయబడెను. గంజి పోసిన ఆ పూట ఆకలి తీరును. విత్తనమును, ఎద్దును ఇచ్చిననే గదా మఱుసటి పంట చేతికి వచ్చును! వాన కురిసి పదునారిపోవుచుండగా గొర్రు కట్టుట కెద్దు లేని రైతు బాధ మనకంటె నెవరికి తెలియును?

ఈ న్యాయముననే 1979లో ఇంగ్లండున 'టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్' అను సంస్థ వెలసినది. జనులు విడిచిన పాత పనిముట్లను సేకరించి, జీతము గోరని సేవకులు చిలుము తీసి, సానపట్టి, క్రొత్త పిడులు వేసిరి. వడ్రంగమునకు, కమ్మరమునకు, కుట్టుపనికి వేర్వేఱుగ కట్టలు కట్టి టాంజానియా, ఘనా మొదలగు ఆఫ్రికా దేశములకు పంపిరి.

సేద్యపు పనిముట్లకంటె చేతిపనివారి పనిముట్లు దూరదేశమున కెక్కువ తగినవి. మన నల్లరేగడి గుంటక పరుల యిసుక నేలకు పొసగదు. మన గొర్రు వారి పశువుల కొలతకు సరిపడదు. సుత్తియు, ఉలియు ఏ దేశమున నైనను ఒక్కటే. వానిని అందుకొన్న కమ్మరి, వడ్రంగులు తమ నేలకు తగిన సేద్యసాధనములను తామే చేసికొనగలరు.

దాతలు మూడు సంగతులు మఱవరాదు. పుచ్చుకొనువారు కోరినదానినే యియ్యవలెను. మనము వాడుకొనుటకు సిగ్గుపడు స్థితిలోనున్న వస్తువును పంపరాదు. బాగుచేసిన పిదపనే పంపవలెను. ఓడ కూలి వస్తువు వెలకు మించినచో ఆ వస్తువును పొరుగూరి బీద పనివాని కిచ్చుట మేలు.

ఒక్క రైతు ఒక్క బాడిసను ఓడ కెక్కింపజాలడు. నూఱుగురు చేరి తెచ్చిన పనిముట్లు ఒక పెట్టె నిండును. కూలియు పంచుకొనిన తేలిక యగును. కావున ఒక్కొక్క సంఘమును తన గిడ్డంగిలో ఒక మూలను ఇందుకై కేటాయించి, సభ్యులలో పని తెలిసినవారు నెలకొక దినము కొలిమియొద్ద శ్రమదానము చేయునట్లు తీర్మానించుకొనవలెనని మా ప్రార్థన. ముంగారు పనులు ముగియగనే దీని నారంభింపవచ్చును.